సెంటెండ్రెలో మా మొదటి పండుగల ఏడాది – నా అనుభవం

హంగరీలో మా మొదటి పండుగల ఏడాది 2025 ఆగస్టు 20తో పూర్తయింది. మా ఆయన ఉద్యోగం బుడాపెస్ట్‌లో. ఇల్లు మాత్రం నగరానికి ఉత్తరాన, డాన్యూబ్ ఒడ్డున ఉన్న సెంటెండ్రె అనే చిన్న ఊళ్ళో తీసుకున్నాం. బత్యాని తేర్ నుంచి హేవ్ అనే లోకల్ రైలు ఎక్కితే సుమారు నలభై నిమిషాల దారి. 2024 ఆగస్టు చివర్లో మేం దిగేటప్పటికి పాపకు నాలుగేళ్ళు. వచ్చే ముందు తెలుగులో ఎంత వెతికినా వీసా సంగతులు, బుడాపెస్ట్‌లో చూడాల్సిన చోట్లు, మెడిసిన్ సీట్ల గురించే దొరికాయి. చిన్నపిల్లలతో ఇలాంటి ఊళ్ళో ఏడాది పొడుగునా ఏం జరుగుతుందో ఎక్కడా కనబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటే ఒక మాట చెప్పాలి. ఇక్కడ పండుగ అంటే వెళ్ళి చూసొచ్చేది కాదు. ప్రతిదానికీ వారం పది రోజుల ముందు నుంచే ఇంట్లో ఏదో ఒకటి చేసిపెట్టుకోవాలి. లాంతరు, గోధుమ మొలకలు, రంగు గుడ్లు, పూల దండ, ఇలా ఒక్కోదానికి ఒక్కోటి. అది చేసిన వాళ్ళకు పండుగ లోపల చోటు ఉంటుంది. చెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనరు గానీ పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. ఈ సంగతి ఎవరూ పిలిచి చెప్పరు. పిల్లల బడి తలుపు పక్కన బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, అంతే.

ఆ బడిని ఓవొదా అంటారు. మూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ తప్పనిసరి. ప్రభుత్వ ఓవొదాలో ఫీజు ఉండదు, తిండికి మాత్రం కొంత కడతాం. మొదటి వారం పది రోజులు తల్లో తండ్రో పిల్లతో పాటే కూర్చోవాలి. మొదటి రోజు గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుతారు. మా ఆయనకు సెలవు లేదు కాబట్టి నేనే కూర్చున్నాను. అక్కడ నాకు బాగా నచ్చింది గుర్తుల పద్ధతి. చదవడం రాని పిల్లలకు పేర్లు రాసి లాభం లేదని ఒక్కొక్కరికి ఒక బొమ్మ ఇస్తారు. మా పాపకు పుట్టగొడుగు వచ్చింది. బట్టలు తగిలించే కొక్కెం మీద, పళ్ళు తోముకునే కప్పు మీద, దుప్పటి మీద అన్నింటికీ అదే బొమ్మ. దుప్పటి మీద నేనే ఎర్ర దారంతో కుట్టాలి. రాత్రి కూర్చుని కుడుతుంటే కొత్త ఊరి బెంగ కొంచెం తగ్గింది.

ఆ సెప్టెంబరు మూడో వారంలో డాన్యూబ్‌కు పెద్ద వరద వచ్చింది. ఒడ్డున నడిచే దారి మూసి, పలకలతో తాత్కాలిక గోడ నిలబెట్టారు. వరద తగ్గాక కూడా ఒడ్డంతా బురద. అక్టోబరులో బతుకమ్మ వచ్చింది. మాది కరీంనగర్. సూపర్ మార్కెట్‌లో దొరికిన పూలతో ఇంట్లోనే చిన్న బతుకమ్మను పేర్చాను. ఆడడానికి నేను, పాప తప్ప ఎవరూ లేరు. నీళ్ళలో వదలడానికి ఆ బురదలోకి దిగే ధైర్యం లేక బకెట్‌లోనే కలిపాం. ఆ రోజు అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను.

దీపావళి అక్టోబరు 31న వచ్చింది. ఆ వారంలో దుకాణాల ముందంతా చామంతులే. పసుపు, తెలుపు, ఊదా కుండీలు వరసగా పెట్టి ఉంటే ప్రాణం లేచొచ్చి పూజకని రెండు కుండీలు తెచ్చాను. మెట్ల దగ్గర పక్కింటి పెద్దావిడ చూసి, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని, "మీ వాళ్ళెవరైనా ఇక్కడ పోయారా?" అని ఎంతో మెల్లగా అడిగింది. ఈ దేశంలో చామంతులు సమాధులకు తీసుకెళ్ళే పూలు. నవంబరు 1న చనిపోయిన వారందరినీ తలుచుకునే రోజు, ఆ రోజు సెలవు. సాయంత్రం ఆవిడే మమ్మల్ని శ్మశానానికి తీసుకెళ్ళింది. ప్రతి సమాధి మీదా దీపాలే. చిన్నపిల్లలు కూడా గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. భయమన్నది ఎవరి ముఖంలోనూ లేదు. పాప ఆవిడ భర్త సమాధి మీద ఒక దీపం పెట్టింది. అప్పటి నుంచి ఆవిడ మాకు సొంత మనిషి అయిపోయింది. పెద్ద వయసు ఆడవాళ్ళను ఇక్కడి పిల్లలు పిలిచినట్టే పాప ఆవిడను 'నేని' అంటుంది. ఇక్కడ ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు చామంతులు మాత్రం తీసుకెళ్ళకండి.

ఆ వెంటనే ఓవొదా బోర్డు మీద కాగితం: నవంబరు 11, సెయింట్ మార్టిన్ రోజు, లాంతర్ల ఊరేగింపు. ఖాళీ జామ్ సీసా, రంగుల పల్చటి కాగితం, జిగురు, సన్న తీగ తెచ్చుకోవాలి. ఆ వారంలో ఒక మధ్యాహ్నం తల్లిదండ్రులు వచ్చి పిల్లలతో కలిసి చేయాలి. కాగితాన్ని చేత్తో చింపి ముక్కలు చెయ్యాలి, కత్తెర వాడొద్దన్నారు, చింపిన అంచులోంచి వెలుగు మెత్తగా వస్తుందట. సీసాకు జిగురు రాసి ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించాలి. ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. తర్వాత మూతి చుట్టూ తీగ రెండు చుట్లు బిగించి పిడి పెట్టాలి. పిడి పొడుగ్గా ఉండాలి, లేకపోతే వేడి పిల్ల చేతికి తగులుతుంది. మా ఆయన ఆ పూట ఆఫీసు నుంచి త్వరగా వచ్చాడు. పెద్ద పెద్ద నాన్నలు చిన్న కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కాగితాలు అంటిస్తూ ఉంటే మాటలు వాటంతటవే కలిశాయి. మా ఆయనకు ఈ ఊళ్ళో మొదటి స్నేహితుడు ఆ బల్ల దగ్గరే దొరికాడు.

ఊరేగింపు సాయంత్రం అయిదింటికి. నవంబరులో నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది కాబట్టి అప్పటికే చిమ్మచీకటి. ఊళ్ళోంచి పారే బుక్కొష్ వాగు పక్కన పాటలు పాడుకుంటూ నడిచాం. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. పిల్లకు చేతి గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి, ఒక జత మైనంతో, జిగురుతో పాడవుతుంది. చివర్లో వేడి టీ, గూస్ అనే పెద్ద బాతు కొవ్వు రాసిన రొట్టె ముక్కల మీద ఉల్లిపాయ పెట్టి ఇస్తారు. ఆ రోజు ఈ బాతు తింటే ఏడాదంతా ఆకలి ఉండదని ఇక్కడి వాళ్ళ నమ్మకం. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. పొగాచా అనే ఉప్పు బిళ్ళల్లో కొన్నింట్లో పంది కొవ్వు వేయించిన ముక్కలు కలుపుతారు. పైకి చూస్తే తెలీదు. చీజ్‌దేనా అని అడిగి తీసుకోవాలి.

డిసెంబరు అంతా పనే. 5వ తేదీ రాత్రి పిల్లల బూట్లు తళతళలాడేలా తుడిచి కిటికీలో పెట్టాలి. పొద్దున్నకి మికులాష్ తాత అందులో చాక్లెట్లు, కమలాలు, వాల్‌నట్లు, బంగారు రంగు పూసిన చిన్న పుల్లల కట్ట పెడతాడు. పుల్లలు అల్లరికి, మిఠాయి మంచితనానికి. రెండూ అందరికీ వస్తాయి. ఇది తల్లిదండ్రులే కొనిపెట్టాలన్న సంగతి నేని వారం ముందే చెప్పింది. దుకాణాల్లో ఆ పుల్లల కట్టలు చివరి రెండు రోజుల్లో దొరకవు.

13వ తేదీ లూత్సా రోజు. ఆ రోజు పళ్ళెంలోనో చిన్న కుండీలోనో గోధుమలు చల్లి, రోజూ తడిపితే క్రిస్మస్‌కు పచ్చగా ఎదుగుతాయి. మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగిస్తారు. మొలకలు బాగా వస్తే వచ్చే ఏడాది పంట బాగుంటుందని. ఆ మాట వింటూనే నాకు మన పెళ్ళిళ్ళలో పాలికల్లో పోసే నవధాన్యాలు గుర్తొచ్చాయి. నేనే ఎదురు అడిగాను, ఎంత లోతు మట్టి వెయ్యాలి, నానబెట్టాలా వద్దా అని. నేని గుప్పెడు గోధుమలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. ఒక రాత్రి నానబెట్టమంది. కిటికీ కింద రేడియేటర్ వేడికి మట్టి పూట పూటకీ ఆరిపోతుంది, పొద్దున సాయంత్రం రెండుసార్లు తడపాలని కూడా చెప్పింది. మూడో రోజుకి తెల్లటి మొన, అయిదో రోజుకి ఆకుపచ్చ. 24 నాటికి పాప జానెడు అయ్యాయి. పాప రోజూ వేలితో కొలిచేది. క్రిస్మస్ మన పండుగ కాదు కదా అని నాకు మొదట్లో లోపల చిన్న సందేహం ఉండేది. మొలకల దగ్గర అది పోయింది.

డిసెంబరు 24 గురించి మాత్రం జాగ్రత్త. మధ్యాహ్నానికల్లా దుకాణాలు మూసి ఉంటాయి, సాయంత్రానికి బస్సులు, రైళ్ళు పల్చబడిపోతాయి. పాలు, రొట్టె, మందులు 23నే తెచ్చి పెట్టుకోవాలి. ఆ సాయంత్రం ఎవరింటికి వాళ్ళే, వీధిలో మనిషి ఉండడు. మేం పప్పు, అన్నం, నేని పంపిన గసగసాల రొట్టె తిన్నాం. బెయ్‌గ్లి అంటారు దాన్ని. గసగసాలు దట్టించి చుట్టిన తీపి రొట్టె. మా అమ్మమ్మ తిన్నా మెచ్చుకునేదే.

జనవరి 6 సాయంత్రం ఇక్కడి సెర్బుల క్రిస్మస్ ముందురోజు. 1690లో టర్కీ వాళ్ళ నుంచి పారిపోయి వచ్చిన సెర్బులు ఈ ఊరిని వ్యాపారంతో, చర్చిలతో నింపారు. ఇప్పుడు వాళ్ళు కొద్దిమందే మిగిలారు, కానీ పాత క్యాలెండర్ లెక్క ప్రకారం పండుగలు తప్పరు. చర్చి ముందు ఓక్ కొమ్మలు మంటలో వేశారు. బాగా చలిగా ఉండి పాపతో ఎక్కువసేపు ఉండలేకపోయాం.

ఫిబ్రవరిలో ఫర్షాంగ్. చలికాలాన్ని సాగనంపే పండుగ, పిల్లలు వేషాలు వేసుకుని ఓవొదాకు వెళ్ళాలి. తోటి తల్లులు కొందరు ప్రేమగానే అన్నారు, మీ దేశం బట్టలు వేసి పంపు, ఎంత బాగుంటుందో అని. నేను ఒప్పుకోలేదు. పట్టు పరికిణీ మా పాపకు బట్ట, వేషం కాదు. సీతాకోకచిలుకలూ సింహాలూ ఉన్న వరసలో దాన్ని నిలబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ విషయంలో ఇంట్లో కూడా కాస్త వాదన జరిగింది. చివరికి పాత దుప్పట్టాతో ఆరుద్ర పురుగు వేషం కుట్టి వేశాం. మే నెలలో అమ్మల పండుగ కార్యక్రమానికి తానే అడిగి పరికిణీ వేసుకుంది. అప్పుడు నాకు హాయిగా అనిపించింది.

మార్చి 15, 1848 విప్లవం గుర్తుగా జాతీయ సెలవు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రిబ్బన్‌తో చేసిన పువ్వు ఎడమవైపు గుండె మీద పెట్టుకుంటారు. 2025లో శనివారం పడింది కాబట్టి ఓవొదా పిల్లలు శుక్రవారమే కాగితం టోపీలు పెట్టుకుని పెద్ద కూడలి దాకా నడిచారు. దీనికి ఖర్చు రిబ్బన్ ఒక్కటే.

ఇక ఈస్టర్. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆడపిల్ల ఉన్న తెలుగు ఇంట్లో దీని గురించి టెన్షన్ పడకుండా ఎవరూ ఉండరు.

2025లో ఈస్టర్ ఆదివారం ఏప్రిల్ 20న. రెండు వారాల ముందు నుంచే నేని ఉల్లిపాయ పొట్టు పారేయవద్దని చెప్పింది. మనింట్లో రోజూ ఉల్లిపాయ కూర ఉంటుంది కాబట్టి సంచీడు పోగైంది. గుడ్డు మీద కొత్తిమీర ఆకునో గడ్డి ఆకునో తడిపి పరిచి, పాత నైలాన్ మేజోడు ముక్కలో బిగించి ముడి వేస్తారు. పొట్టు వేసి మరిగించి చల్లార్చిన ఎర్రటి నీళ్ళలో పెట్టి, సన్నటి సెగ మీద ఉడకనిస్తారు. మరిగే నీళ్ళలో వేస్తే గుడ్డు పగులుతుంది. తీసి విప్పాక గుడ్డంతా ముదురు ఇటుక రంగు, ఆకు ఉన్నచోట మాత్రం లేత గోధుమ రంగులో అచ్చంగా దాని బొమ్మ. ఈనెలు కూడా కనిపిస్తాయి. మెరుపు కోసం ఇక్కడి వాళ్ళు పంది కొవ్వు తోలుతో రుద్దుతారు, మేం నువ్వుల నూనె రాశాం. మొదటి గుడ్డు విప్పినప్పుడు మా ఆయన, నేను ఇద్దరం పాపకంటే ఎక్కువ అరిచాం.

ఈస్టర్ సోమవారం ఉదయం మగపిల్లలు, మగవాళ్ళు తెలిసిన ఆడవాళ్ళ ఇళ్ళకు వచ్చి, నాలుగు పాదాల పద్యం ఒకటి చెప్పి, నెత్తిన సెంటు చల్లుతారు. వెనుకటి రోజుల్లో పల్లెల్లో బావి దగ్గరికి లాక్కెళ్ళి బకెట్లతో నీళ్ళు పోసేవారట. ఆడపిల్ల పువ్వు, వాడిపోకూడదని నీళ్ళు పోస్తున్నామన్నది పద్యాల్లోని భావం. బదులుగా రంగు గుడ్డో చాక్లెట్టో ఇవ్వాలి, పెద్దవాళ్ళకు పాలింకా అనే పళ్ళ సారా. ఇది విన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. పిల్ల మీదికి ఎవరెవరో వచ్చి సెంటు కొట్టడమేమిటి, అది భయపడితే ఏం చెయ్యాలి, ఆ సెంటు కంట్లో పడితే? నేనితో ఆ మాటే చెప్పాను. ఆవిడ నా భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేదు. పద్యం చివర "చల్లవచ్చా?" అని అడగడం ఉంటుంది, వద్దంటే చల్లరు, గుడ్డు ఇచ్చి పంపవచ్చు అంది. తలుపు తీసేది మీరే కదా, ముందు మీరు నిలబడండి అని కూడా చెప్పింది.

ఆ ఉదయం తొమ్మిది గంటలకే బెల్ మోగింది. పాప తరగతి పిల్లాడు, వాళ్ళ నాన్నతో. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో బొటనవేలంత సెంటు సీసా. పద్యం సగంలో మర్చిపోయాడు, వాళ్ళ నాన్న అందించాడు. "చల్లవచ్చా?" అన్నాక పాప నావైపు చూసింది, తర్వాత తనే తల వంచింది. ఒక్క చుక్క. వాడికి ఆకు బొమ్మ గుడ్డు ఇచ్చింది. మధ్యాహ్నానికి ఇంకొందరు వచ్చారు. ఒకరి సెంటు మరీ ఘాటుగా ఉండి తర్వాత వచ్చిన అబ్బాయికి పాప 'వద్దు' అంది. వాడు ఏమీ అనుకోలేదు, గుడ్డు తీసుకుని వెళ్ళాడు. ఆ 'వద్దు' విన్నాక నా గుండెల మీద బరువు దిగింది. నా మీద కూడా చల్లారు, నేని మీద కూడా. డెబ్భై దాటిన ఆవిడ జుట్టు ముందే దువ్వుకుని, ఎవరు వస్తారా అని కిటికీ దగ్గర కూర్చుంది.

ఆడపిల్ల తల్లులు ఆ రోజుకు చేసుకోవాల్సింది ఇంతే: పాత బట్టలు వెయ్యండి, ఆ వాసన రెండు ఉతుకులకు గానీ పోదు. పదిహేను గుడ్లయినా సిద్ధంగా పెట్టుకోండి, సరిపోకపోతే చాక్లెట్ గుడ్లు ఉంటాయి. ఇంటికి ఎవరూ రావడం ఇష్టం లేకపోతే ఆ రోజు పొద్దున్నే ఊరు దాటి వెళ్ళిపోయే కుటుంబాలు హంగరీ వాళ్ళలో కూడా ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు.

ముందురోజు, ఆదివారం, స్కాన్‌జెన్‌కు వెళ్ళాం. ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య ఉన్న పల్లె మ్యూజియం. 1967లో మొదలుపెట్టారు. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్ళు, చర్చిలు, గాలిమరలు విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. మట్టిగోడ ఇళ్ళు, గడ్డి కప్పులు, పెరట్లో కోళ్ళు చూస్తే మా తాతగారి ఊరు వెళ్ళినట్టే ఉంటుంది. లోపల పాతకాలపు రైలు పెట్టె ఒకటి తిరుగుతుంది. పిల్లలు దాన్ని దిగరు. మైనంతో గుడ్డు మీద గీతలు గీసే బల్ల దగ్గర వరస చాలా పొడుగు, మేం ముప్పావు గంట నిలబడ్డాం. పొద్దున్నే తలుపులు తీసేసరికే వెళ్ళినవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. లోపల తిండి ఖరీదే. పొయ్యి మీద కాల్చే కుర్‌తోష్ కలాచ్ అనే తీపి రొట్టె ఒక్కటి అప్పుడు రెండున్నర వేల ఫోరింట్లు, అంటే మన డబ్బుల్లో ఆరువందలకు దగ్గర. నీళ్ళు, పెరుగన్నం సంచిలో పెట్టుకెళ్ళాం. సోమవారాలు సాధారణంగా మూసి ఉంటుంది, ఈస్టర్ సోమవారం లాంటి పండుగ రోజులు వేరు.

మేలో తెలియక ఇబ్బంది పడే సంగతి ఒకటుంది. ఇక్కడ సెలవుల మధ్య పడిన ఒక పనిరోజును సెలవుగా ఇచ్చి, దానికి బదులు మరో శనివారం పని చేయిస్తారు. 2025లో మే 2 శుక్రవారం సెలవు, మే 17 శనివారం పనిరోజు. ప్రయాణాలు, బుకింగ్‌లు చేసుకునేవాళ్ళు ఏడాది మొదట్లోనే ఆ జాబితా చూసుకోవాలి.

రాకపోకల ఖర్చు మాత్రం మేం అనుకున్నదానికంటే చాలా తక్కువ. పెష్త్ జిల్లా నెల పాస్ 2025లో 9,450 ఫోరింట్లు, అది బుడాపెస్ట్ లోపల కూడా చెల్లేది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. ఊరి పండుగలు చాలావరకు ఉచితం. ఏడాదిలో డబ్బు ఎక్కువ పోయింది చలి బట్టలకే. పిల్ల బూట్లు, కోటు ప్రతి ఏడూ మారాలి. వాడినవి అమ్మే దుకాణాలు ఊళ్ళోనే ఉన్నాయి, అవి కొనుక్కోవడానికి ఇక్కడ ఎవరూ మొహమాటపడరు.

జూన్ చివర సెయింట్ ఇవాన్ రాత్రి. ఈ ఊళ్ళో సమార్‌హెజ్ అనే గుట్ట మీద దాల్మేషియా నుంచి వచ్చి స్థిరపడిన ద్రాక్షతోటల రైతుల కుటుంబాలు ఉండేవి. వాళ్ళ వారసులు ఈ పండుగను నిలుపుకున్నారు. పొద్దున్నే పాపను తీసుకుని నేనితో కలిసి నది పక్క గడ్డిమైదానానికి వెళ్ళాం. తెల్ల చేమంతి లాంటి చిన్న పూలు, నీలం పూలు, పసుపు పూలు, గడ్డి కంకులు కోశాం. విల్లో కొమ్మను గుండ్రంగా వంచి దారంతో కట్టి, దానికి పూలు గుత్తులు గుత్తులుగా ఒకే వైపు తల వచ్చేలా అల్లాలి. నా చేతులు ఆ పనిని మరిచిపోలేదు. చిన్నప్పటి నుంచి తంగేడు, గునుగు కోసి బతుకమ్మను పేర్చిన చేతులు కదా. నేను వేగంగా అల్లుతుంటే పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూశారు. ఒకావిడ తన దండ నా చేతికిచ్చి, చివర ఎలా ముడి వెయ్యాలో చూపించమంది.

సాయంత్రం పాటలతో ఊరేగింపుగా డాన్యూబ్ దగ్గరికి నడిచారు. పొద్దు వాలుతుండగా పూల దండలు నీళ్ళలో వదిలారు. బతుకమ్మను చెరువులో సాగనంపేటప్పుడు ఒడ్డున ఎలా నిలబడతామో అలాగే ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. పోయిన అక్టోబరులో బకెట్‌లో కలిపిన పూలు గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు ఆగలేదు. నేని నా భుజం పట్టుకుంది. ఏమిటని అడగలేదు, నేను ఇంటికొచ్చాక చెప్పాను. తర్వాత మంట వేసి కుర్రాళ్ళు, జంటలు దాని మీద నుంచి దూకారు. చిన్నపిల్లలను దూరంగా ఉంచుతారు, నిప్పురవ్వలకు నైలాన్ బట్టలు అంటుకుంటాయి, నూలు బట్టలే వెయ్యండి. దోమలు మాత్రం భరించలేం. దోమల మందు రాయకుండా జూన్‌లో నది దగ్గరికి వెళ్ళకూడదు.

ఈసారి బతుకమ్మకు నేని, ఆ దండ ఇచ్చిన ఆవిడ, ఓవొదాలో ఇద్దరు తల్లులు వస్తామన్నారు. బుడాపెస్ట్ నుంచి రెండు తెలుగు కుటుంబాలు కూడా వస్తున్నాయి. తంగేడు దొరకదు, ఆ గడ్డిమైదానంలో సెప్టెంబరు దాకా పూసే పసుపు పూలు ఎక్కడున్నాయో నేని చూపించింది. నీళ్ళలోకి దారం, ప్లాస్టిక్ పోకుండా కొమ్మల తట్ట మీదే పేర్చాలని అనుకున్నాం.

ఆగస్టులో రెండు రోజులు పక్కపక్కనే వస్తాయి. 19న సెర్బుల ప్రెయొబ్రజెన్‌స్కా చర్చిలో ద్రాక్ష పండుగ. ఒకప్పుడు ఈ గుట్టలన్నీ ద్రాక్షతోటలే. 1880లలో వేరు పురుగు పట్టి తోటలు ఎండిపోయాక చాలా కుటుంబాలు ఊరు వదిలాయి. తోటలు పోయినా కొత్త పంటను చర్చిలో దీవించి అందరికీ పంచే ఆచారం పోలేదు. సెర్బులా కాదా అని ఎవరూ అడగరు. చేతులు చాపితే ద్రాక్ష పెడతారు, మనం ప్రసాదం తీసుకున్నట్టే పాప రెండు చేతులతో కళ్ళకద్దుకుంది. తర్వాత చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే కోలో ఆట, మమ్మల్నీ లాగారు. అడుగు సులువు, కుడికి వెళ్ళేది ఎక్కువ, ఎడమకు తక్కువ.

20న దేశం పండుగ. కొత్త గోధుమ రొట్టెను దీవిస్తారు, రాత్రి బుడాపెస్ట్‌లో నది మీద బాణసంచా. చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు 19 సాయంత్రం సెంటెండ్రెకు రండి, 20 రాత్రి నగరానికి వెళ్ళాలా వద్దా అన్నది బాగా ఆలోచించుకోండి. మేం వెళ్ళాం. బాణసంచా బాగుంది, కానీ తిరుగు హేవ్ ఎక్కడానికి ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడాల్సి వచ్చింది, పాప మా ఆయన భుజం మీదే నిద్రపోయింది. బత్యాని తేర్‌లో కాకుండా ఒకటి రెండు స్టేషన్లు అవతలికి నడిచి ఎక్కుదామనుకుంటే అది ఇంకా కష్టం, అక్కడికి వచ్చేసరికే రైలు నిండిపోయి ఉంటుంది. మొదటి స్టేషన్‌లోనే ఎక్కండి.